రెండు స్లాబుల మధ్య చంటిగాడు

మా మనవడు చంటి హైదరాబాదులో పెంట్‌హౌస్‌లో ఉంటున్నాడని తెలిసి నాకు గుండె గుభేలుమంది. సినిమాల్లో పెంట్‌హౌస్ అంటే గాజు గోడలూ, ఈతకొలనూ కదా! వాడి చేతికొచ్చే జీతమేమో 24 వేలు. తీరా మే నెలలో మూసాపేట వెళ్ళి చూస్తే, నాలుగంతస్తుల మేడ నెత్తిన, నీళ్ళ ట్యాంకుకీ బట్టలారేసే తీగలకీ మధ్య ఒక్క గది. ఓ మూల వంటగట్టు, పక్కన రేకు తలుపు బాత్రూం. ఇక్కడ డాబా మీద గదిని పెంట్‌హౌసే అంటారట. అద్దె 7 వేలు. ఇదే సైజు గది రెండో అంతస్తులో అయితే పదిన్నర వేలు.

"ఆ మూడున్నర వేలు ఎందుకు తగ్గిందంటావురా?" అన్నాను.

"లిఫ్ట్ లేదుగా తాతయ్యా!"

"లిఫ్ట్‌కి ఓ వెయ్యి వేసుకో. తక్కినది ఎండ కట్టిన అద్దె. నువ్వు ఓనరుకి తక్కువిచ్చి, ఆ మిగిలింది సూర్యుడికి కడుతున్నావు."

వాడు నమ్మలేదు. రాత్రి పదింటికి మంచం మీద నిలబెట్టి, సీలింగుకి చెయ్యి ఆనించమన్నాను. చటుక్కున వెనక్కి తీశాడు. కాంక్రీటు తాపీ మనిషి. పగలంతా తాగిన ఎండ కిందికి దిగడానికి గంటల తరబడి టైము తీసుకుంటుంది. బయట గాలి చల్లబడి, ఊరంతా హమ్మయ్య అనుకునే వేళకి ఆ వేడి సరిగ్గా మంచం మీదికి దిగుతుంది. అందుకే కింది అంతస్తుల వాళ్ళకి మధ్యాహ్నం ఉక్క, పై గది వాడికి అర్ధరాత్రి ఉక్క.

వాడి గోడు వేరే ఉంది. నెలాఖరుకి జేబు ఖాళీ. టీ తాగడం మానెయ్యనా, ఆదివారం బిర్యానీ మానెయ్యనా అని లెక్కలు వేసుకుంటున్నాడు. ఇలా నోరు కట్టేసుకునే పొదుపంటే నాకు మొదటినుంచీ పడదు. కుర్రాడు టీ కూడా తాగకుండా పట్నంలో బతకడం దేనికి? "నీ కరెంటు బిల్లు తీసుకురా, గ్యాసు చీటీ తీసుకురా, పెట్రోలు ఎంతవుతోందో చెప్పు" అన్నాను. బందరులో ముప్ఫై ఏళ్ళపైగా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఏ ఇంటి పద్దు చూసినా నాకు అందులో వేడి లెక్కే కనబడుతుంది.

చూడండి, ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోకేలరీలు. ఆ ఒక్క యూనిట్‌తో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు నూటపది గంటలు వెలుగుతుంది. సెల్‌ఫోను రోజూ నిండా ఛార్జింగ్ పెట్టినా ఏడాదికి పది యూనిట్లు దాటదు. అదే యూనిట్‌తో నీళ్ళు కాచామనుకోండి, పట్టుమని పన్నెండు లీటర్లు మరగవు, ఆలోపే అయిపోతుంది. వెలుతురూ, కబుర్లూ చవక. వేడి పుట్టించాలన్నా, పుట్టిన వేడిని బయటికి తోలాలన్నా డబ్బు పోస్తూనే ఉండాలి. మావాడేమో ఛార్జర్ ప్లగ్గు నుంచి పీకి జాగ్రత్తగా చుట్టిపెట్టి, గీజరు ఆన్‌లో వదిలేసి స్నానానికి తువ్వాలు వెతుక్కుంటాడు!

పాతిక లీటర్ల గీజరు 25 డిగ్రీల నీటిని 60కి తెచ్చేసరికి ఒక యూనిట్ తాగుతుంది. ఒంటికి కావలసింది ఒక బకెట్టు, అదీ 40 డిగ్రీలు. దానికి పావు యూనిట్ చాలు. మిగిలిన ముప్పావూ గీజరులోనే ఉండి సాయంత్రానికి చల్లారుతుంది. చలికాలంలో స్నానానికి ముందు కాసేపే వేసుకుని ఆపెయ్యమన్నాను. ఎండాకాలంలో అసలా స్విచ్చు జోలికే పోవద్దన్నాను. నెత్తిన నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉందిగా, మే నెలలో మధ్యాహ్నం దాటాక అందులోంచి వచ్చే నీళ్ళు తాకితే చెయ్యి చుర్రుమంటుంది.

ఇక ఏసీ. వాయిదాల మీద కొందామని చంటి ఆలోచన. "టన్నున్నర" అన్నాడు. "టన్ను అంటే ఏమిట్రా?" అంటే దాని బరువు కాబోలన్నాడు. కాదు. యంత్రాలు రాకముందు చల్లదనాన్ని మంచు లెక్కన కొలిచేవారు. అమెరికావాళ్ళ టన్ను, అంటే 907 కిలోల మంచు, 24 గంటల్లో కరిగితే ఎంత వేడి పీల్చుకుంటుందో అంత చలువ ఒక టన్ను. గంటకి మూడు వేల కిలోకేలరీల పైమాటే. ఆ కొలతే ఇప్పటికీ షాపుల్లో నడుస్తోంది. టన్నున్నర ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపు గంటకి ఇంచుమించు యూనిట్టున్నర. పైన కాలిన స్లాబు పెట్టుకుని కింద ఏసీ నడపడమంటే, చిల్లికుండలో నీళ్ళు పోస్తూ కుండ నిండలేదని ఇంకో బిందె తెచ్చుకోవడమే.

ఇక్కడే రెండో స్లాబు వస్తుంది. కరెంటు బిల్లుకీ స్లాబులున్నాయి కదా. తెలంగాణలో 2022లో పెరిగిన ఇళ్ళ టారిఫ్ పట్టిక వాడి ముందు పెట్టాను. నెలకి వంద దాటి, 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వంద 3 రూపాయల 40 పైసల చొప్పున, తర్వాతి వంద 4.80 చొప్పున. కరెంటు ఖరీదు మొత్తం 820. అదే 201 అయ్యిందో, లెక్క మొదటి యూనిట్ నుంచీ మారిపోతుంది. మొదటి రెండువందలూ 5.10 చొప్పున, ఆ పైది 7.70. మొత్తం 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల పైచిలుకు! నా జన్మలో అంత ఖరీదైన 860 కిలోకేలరీలు చూడలేదు. నెలలో మూడో వారం దాటాక మీటరు వంక ఓసారి చూడమంటే మావాడు నవ్వాడు. ఆ అంకె చూశాక నవ్వు ఆగింది. అదృష్టం, వాడి గదికి విడిగా మీటరుంది. డాబా గదులకి చాలాచోట్ల సబ్ మీటరు పెట్టి, యూనిట్‌కి ఇంత అని ఓనరు తోచినంత వసూలు చేస్తాడు. గది చూడ్డానికి వెళ్ళినవాడు కిటికీ కన్నా ముందు అడగాల్సింది ఆ మీటరు సంగతి.

ఏసీ ఆలోచన వాయిదా వేయించి సున్నం తెప్పించాను. ఎండని గదిలోకి వచ్చాక తోలడం కన్నా, డాబా మీదే వెనక్కి తిప్పి పంపడం చవక. తెల్లటి నేల ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది, మాసిన నల్ల సిమెంటు చాలా భాగాన్ని మింగేస్తుంది. ఇదేమీ నా కనిపెట్టుడు కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఓనరుని అడిగితే, "మీ ఖర్చే అయితే మీ ఇష్టం సార్" అన్నాడు.

సున్నం గడ్డల మీద నీళ్ళు పోయగానే బకెట్టు బుసబుసా పొంగింది. "తాతయ్యా, మరుగుతోంది!" అని చంటి వెనక్కి గెంతాడు. బట్టీలో రాయి మింగిన వేడిలో కొంత ఇప్పుడు కక్కుతోందన్నమాట. అందుకే ప్లాస్టిక్ బకెట్టు వద్దన్నాను, కళ్ళద్దాలు పెట్టుకోమన్నాను. చల్లారాక కాస్త జిగురు కలిపి, పొద్దున్నే రెండు పూతలు వేశాం. ఆరేకొద్దీ అది గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. నాతో తెచ్చుకున్న గోడ థర్మామీటరు ప్రకారం, మూడో రోజు రాత్రికి గది మునుపటి కంటే రెండున్నర డిగ్రీలు తక్కువ చూపించింది. ఆ రెండు రోజులూ ఎండ ఒకేలా ఉందని ప్రమాణం చేయలేను కానీ, సీలింగు మాత్రం చెయ్యి పెట్టనిచ్చింది.

అంతటితో సుఖం వచ్చేసిందా అంటే, ఫ్యాను ఉండాలి. ఫ్యాను గదిని చల్లబరచదు. దాని మోటారు వేడి కూడా గదిలోకే వస్తుంది. అది చల్లబరిచేది మనిషిని. ఒక గ్రాము చెమట ఆరుతూ సుమారు 580 కేలరీల వేడిని ఒంట్లోంచి పట్టుకుపోతుంది, ఫ్యాను ఆ పని తొందరపెడుతుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిప్పడం శుద్ధ దండగ. వాడి పాత ఫ్యాను 75 వాట్లది, పదమూడు గంటలకో యూనిట్. ఈమధ్య వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల దరిదాపే, ముప్ఫైమూడు గంటలకో యూనిట్. ఏసీ వాయిదాలో ఒకటి రెండు నెలల సొమ్ముతో అది వచ్చేస్తుంది.

కూలర్ సంగతీ చెప్పాలి. మా బందరులో కూలర్ పెట్టుకుంటే ఉప్పుచేపకి ఆవిరి పట్టినట్టుంటుంది. సముద్రపు గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది, ఇంకా నీరు పుచ్చుకోదు. హైదరాబాదు మే నెల గాలి పొడి గాలి, దాహంతో ఉంటుంది. తడిపిన వట్టివేళ్ళ తడిక గుండా పోనిస్తే నీటిని తాగి చల్లబడుతుంది. మట్టికుండ చేసేదీ ఇదే పని. కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే గది కాసేపట్లో బందరు అయిపోతుంది.

వంట దగ్గర మా ఇద్దరికీ గొడవైంది. వాడు పప్పు గిన్నె మూత లేకుండా, పెద్ద మంట మీద పెట్టి, "తొందరగా ఉడుకుతుంది" అంటాడు. నీళ్ళు ఒకసారి మరిగాక, మంట ఎంత పెంచినా అంతకన్నా వేడెక్కవు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. ఒక లీటరు నీళ్ళని 30 డిగ్రీల నుంచి మరిగించడానికి 70 కిలోకేలరీలు, ఆ మరిగిన లీటరుని ఆవిరి చేసి పారబొయ్యడానికి 540. దాదాపు ఎనిమిది రెట్లు! మూత పెట్టి సిమ్‌లో ఉంచితే పప్పుకి తేడా తెలియదు, సిలిండరుకి తెలుస్తుంది. కుక్కర్ అయితే ఒత్తిడి వల్ల నీళ్ళు 120 డిగ్రీల దాకా పోతాయి. ఫ్రాన్సు నుంచి లండన్ చేరిన డెనిస్ పాపెన్ 1679లో చేసి చూపించింది ఈ కిటుకునే. మొదటి కూత రాగానే మంట తగ్గించాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి కూతా గ్యాసు డబ్బులు ఈల వేసుకుంటూ పోవడమే.

మా అమ్మ పాలు దాలిలో కాచేది. పిడకల నిప్పు మీద కుండ పెడితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా అదే నిదానంగా మీగడ కట్టేది, ఎవరూ కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేదు. మూసాపేటలో దాలి ఎక్కడ తవ్వుతాం? నానబెట్టిన శనగలు కుక్కర్లో ఒక కూత రానిచ్చి, దింపి, పాత దుప్పట్లో చుట్టి మూల పెట్టాను. ఆఫీసు నుంచి వాడొచ్చేసరికి మెత్తగా ఉడికి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. దుప్పటి వేడి పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు.

కూరలు మాత్రం కర్రీ పాయింట్‌లో కొనుక్కోమనే చెప్పాను. ఇంట్లో అన్నం, పప్పు వండుకుని కూర ఓ ప్యాకెట్టు తెచ్చుకునే ఈ హైదరాబాదు పద్ధతిలో మంచి లెక్క ఉంది. గిన్నె అన్ని వైపులా రెట్టింపు పెంచితే పట్టే కూర ఎనిమిది రెట్లు, వేడి పోయే పైభాగం నాలుగు రెట్లే. పెద్ద గుండిగలో వండిన కూరకి కేజీ ఒక్కింటికి పోయే వేడి తక్కువ. హైదరాబాదులో 2014లో మొదలైన అయిదు రూపాయల భోజనం వెనక సర్కారు డబ్బు ఉన్నమాట నిజమే, గుండిగ సైజు సాయమూ కొంత ఉంది. ఒంటరివాడు వంకాయలు రెండు, నూనె నాలుగు చెంచాలు, ఉల్లిపాయ ఒకటి పెట్టుకుని అరగంట స్టవ్ మండించడం కన్నా ఆ ప్యాకెట్టు నయం. నూనె సంగతి చూసుకోవాలి, అంతే.

పెట్రోలు కూడా ఈ ఖాతాలోదే. ఇంజన్ తాగిన పెట్రోలు శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగా సైలెన్సరు గుండా, ఇంజన్ ఒంటి మీంచి పోతుంది. మిగిలిన పావుతో బండి కదిలితే, ఎర్రగడ్డ దగ్గర సిగ్నల్ పడగానే చంటి బ్రేకు వేస్తాడు, ఆ కాస్తా బ్రేకు షూలలో వేడి అవుతుంది. మెట్రో రైలు బ్రేకు వేస్తే దాని మోటారే జనరేటర్‌గా మారి కరెంటుని తిరిగి లైనులోకి పంపుతుంది. అమీర్‌పేట ఆఫీసు వాడికి అయిదో స్టేషను. వచ్చేటప్పుడు ఎర్రగడ్డలో దిగితే రైతుబజారు. బండి ఆదివారాలకి పెట్టుకోమన్నాను.

సున్నం, దుప్పటి, మూత, మెట్రో అన్నీ అమలయ్యాక వాడి మొదటి నెల మిగులు రెండు వేల చిల్లర. దాంతో ఏం చేశావంటే ఫ్రెండ్స్‌తో బిర్యానీకి వెళ్ళానన్నాడు. శభాష్ అన్నాను.

నిన్న మళ్ళీ ఫోను. గొంతు దిగాలుగా ఉంది. ఓనరు పైకొచ్చి, గదిలో అటూ ఇటూ తిరిగి, గోడ తడిమి, "చల్లగా చేసుకున్నారే! వచ్చే నెల నుంచి ఓ వెయ్యి ఎక్కువ చూడండి" అన్నాడట.

"నువ్వేమన్నావురా?"

"పదకొండు నెలల అగ్రిమెంటులో ఇంకా ఏడు నెలలుందని చెప్పా తాతయ్యా. అయినా వానలు మొదలయ్యాయి కదా, సున్నం కొట్టుకుపోతుందేమో చూసి మాట్లాడదాంలే అని దిగి వెళ్ళిపోయాడు."