జిగురు పోవాలి, మెరుపు నిలవాలి

ప్రతి సంవత్సరం కర్మాగార ద్వారం వద్ద వాహన అనుమతి స్టిక్కరు మారుతుంది. కొత్తది అంటించే వేళ పాతదాన్ని గోటితో లాగివేస్తాం. కాగితం సగమే చేతికి వస్తుంది. మిగిలిన జిగురుపై దుమ్ము చేరి, మోటారు సైకిలు ట్యాంకు మీద నల్లని మచ్చగా స్థిరపడుతుంది.

ఈ విషయంలో మా అనుభవాన్ని పాఠకులకు మనవి చేస్తాం. జీతంలో నెలనెలా వాయిదాలు కట్టి అప్పు తీర్చుకున్న వాహనం మాది. ఇటువంటి మచ్చను వదిలించబోయి, ఇంటి తలుపులకు రంగు వేయగా మిగిలిన థిన్నరుతో రుద్దాం. జిగురు పోయింది, దానితోపాటే అరచేయంత మేర మెరుపూ పోయింది. ట్యాంకుకు మళ్ళీ రంగు వేయించక తప్పలేదు. ప్రతి ఆదివారం ఆ బండిని శ్రద్ధగా తుడిచే మా అమ్మాయి రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఖర్చుకంటె అదే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

లోపం ఎక్కడ జరిగిందో తరువాత గ్రహించాం. నేటి వాహనాలలో చాలావాటికి రంగుపైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే. థిన్నరు, గోళ్ళరంగును తుడిచే అసిటోన్ ఆ పొరను మెత్తబరచి మసకబారుస్తాయి. బ్లేడు, గిన్నెలు తోమే పీచు గీతలు పెడతాయి. పెట్రోలుతో తుడవడం రంగుకే కాదు, మనుషులకూ ప్రమాదకరం.

సురక్షితమైన పద్ధతికి కావలసినవన్నీ వంటింటిలోనే లభిస్తాయి. బండిని నీడలో నిలిపి, ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, మొదట సబ్బునీటితో దుమ్మును కడగాలి. వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను మచ్చపై కొద్ది నిమిషాలు ఉంచితే జిగురు మెత్తబడుతుంది. కాగితం మిగిలి ఉంటే వేలితో నెమ్మదిగా లేపాలి. తరువాత కొబ్బరినూనె రాసి పదిహేను నిమిషాలు ఆగాలి. నూనె లోనికి ఇంకి జిగురు పట్టును సడలిస్తుంది. అప్పుడు బొటనవేలితో రుద్దితే జిగురు ఉండలు కట్టి ఊడివస్తుంది. ఒకసారికి పోకపోతే మళ్ళీ నూనె రాయాలి తప్ప బలం ప్రయోగించరాదు. చివరగా సబ్బునీటితో జిడ్డు కడిగి, మెత్తని నూలుగుడ్డతో తుడవాలి.

రెండు జాగ్రత్తలు అవసరం. నూనె బ్రేకు డిస్కుపైన, టైర్లపైన ఒక్క చుక్క కూడా పడరాదు. పడితే బ్రేకు పట్టదు, చక్రం జారుతుంది. మెరుపులేని మ్యాట్ రంగు బండికి వాక్స్ పాలిష్ వాడరాదు.

జిగురు పోయిన చోట రంగు కాస్త ముదురుగా కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసిందని, స్టిక్కరు కింది భాగం కొత్తగా నిలిచిందని దాని అర్థం.

ఏడాదిపాటు ఎండలో గట్టిపడిన జిగురుకు ఒక అరగంట ఓపిక చాలదా? నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక అనలేదు.