మూలకణములనుండి ఊపిరితిత్తుల కణములు: అపోహలు, వాస్తవములు

పిండమును నాశనము చేయనిదే మూలకణము లభింపదని నమ్ముచు, ఆ కారణముచేతనే ఈ శాస్త్రమును శంకతో చూచువారు నేటికిని పెక్కండ్రు కలరు. వారి శంకకు ఒకప్పుడు ఆధారము లేకపోలేదు. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ థామ్సన్, దేహమందలి యే కణముగానైనను పరిణమింపగల మానవ మూలకణములను తొలిసారి పెంచినప్పుడు, వానికి మూలము సంతానసాఫల్య చికిత్సలో మిగిలిపోగా దంపతులు సమ్మతించి యిచ్చిన పిండములే. కాని 2006లో ఎలుక కణములతోను, మరుసటి యేట మానవ కణములతోను, జపానులోని క్యోటో విశ్వవిద్యాలయమున షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి కనుగొన్న మార్గమునకు పిండముతో పనియే లేదు. 24 జన్యువులను ఎంచుకొని, ఒక్కొక్కదానిని తీసివేయుచు పరీక్షింపగా, నాలుగు చాలునని తేలెను. ఎదిగిన మనుష్యుని చర్మకణములలో ఆ నాలుగింటిని ప్రవేశపెట్టిన కొన్ని వారములకు, నిడుపుగా సాగియుండు కణముల నడుమ, అంచులు స్ఫుటముగా నుండి, ఒకదానినొకటి ఒరసికొని పెరుగు చిన్న చిన్న గుంపులు సూక్ష్మదర్శినిలో అగపడును. అవియే కోరిన మూలకణములు. నూటికి ఒక కణమైనను ఇట్లు మారుట అరుదు.

ఈ మార్పుతో మనుష్యుని జన్యువులే మారిపోవుననుట మరియొక అపోహ. జన్యువుల లిపి చెక్కుచెదరదు. ఏ జన్యువు పనిచేయవలెను, ఏది ఊరకుండవలెననునదియే మారును. తొలినాళ్లలో వాడిన వైరసులు తాము మోసికొనివచ్చిన జన్యువులను కణపు డీఎన్ఏలో చొప్పించెడివన్నది నిజమే. నేడు విరివిగా వాడు సెండాయ్ వైరసు డీఎన్ఏ జోలికి పోక, కణములు విభజనము చెందుకొలది క్రమముగా అంతరించును.

అట్టి మూలకణములను రోగికి ఎక్కించినచో అవి తమంతట తామే ఊపిరితిత్తిగా మారి చెడిన భాగమును పూరించునను నమ్మకము మాత్రము మిగిలినవానికంటె ప్రమాదకరమైనది. దారి చూపక దేహమున విడిచినచో ఈ కణములు టెరటోమా యను కంతిగా పెరుగగలవు. అందు మృదులాస్థి, నాడీకణములు, ప్రేగుపొర కలగాపులగముగా నుండును. అందుచేత శాస్త్రజ్ఞులు గర్భమున పిండము నడచు త్రోవనే ఆ కణములను పళ్లెములో నడిపింతురు. మొదట యాక్టివిన్ అను ప్రోటీనునిచ్చి వానిని పిండపు లోపలి పొరయైన అంతస్త్వచముగా మార్తురు. పిమ్మట రెండు సంకేతములను అడ్డగించి పూర్వాహారనాళపు దశకు తెత్తురు, ఏలయన గర్భమున ఊపిరితిత్తి మొలకెత్తునది ఆ నాళమునుండియే. ఆపైన రెటినోయిక్ ఆమ్లము మొదలగువానితో పెంచి, మొత్తము సుమారు రెండు వారములకు, ఎన్‌కెఎక్స్2-1 అను ప్రోటీను గల కణములను వేరుచేయుదురు. ఈ గుర్తు థైరాయిడ్ కణములకును కలదు గనుక, అది కనబడినంతనే ఊపిరితిత్తి యని తీర్మానింపరాదు. సంకేతముల వరుస తప్పినచో కణములు కాలేయము వైపునకో, ప్రేగు వైపునకో మరలిపోవును. సవ్యముగా సాగినచో, మెత్తని జెల్లులో పొదిగిన ఆ కణములు లోన బోలుగానుండు గోళములుగా నేర్పడి, వాయుగోణులు ముడుచుకొనిపోకుండ కాపాడు సర్ఫాక్టెంటును తయారుచేయును.

అట్లయిన మార్పిడికి ఊపిరితిత్తి సిద్ధమైనట్లే గదా యందురేమో, కాలేదు. రక్తనాళములు, సాగి ముడుచుకొను కణజాలము, పెక్కు విధముల కణములు పొందికగా కూడిననే ఊపిరి యాడును. పళ్లెములోని కణముల విలువ నేడు వ్యాధిని ఎరుగుటయందున్నది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయమున డారెల్ కాటన్ బృందము, సర్ఫాక్టెంటు ప్రోటీను లోపముగల రోగి కణములనుండి ఇట్టివానిని పెంచి, దోషమున్న జన్యువును సరిదిద్దగా, ఆ లోపము తీరుటను చూపెను. 2020లో ఇట్టి కణములకే కోవిడ్ వైరసును సోకించి, దాని నడకను తొలిగంటలనుండి పరిశీలించిరి. బ్రతికియున్న రోగి వాయుగోణులలో ఆ తొలిగంటలను చూడగల ఉపాయము లేదు.

ఆయాసముతో బాధపడువారికి మూలకణముల ఇంజెక్షనుతో నయము చేయుదుమని ప్రకటించి లక్షలు గుంజుట నన్ను మిక్కిలి కలచివేయు విషయము. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకముల ప్రకారము, రక్తవ్యాధుల వంటివానికి స్థిరపడిన రక్తోత్పాదక మూలకణ మార్పిడి తప్ప, తక్కిన మూలకణ ప్రయోగములు అనుమతి పొందిన పరిశోధనలలోనే జరుగవలెను. ఉబ్బసమునకును, ఊపిరితిత్తుల గట్టిదనమునకును అట్టి స్థిరపడిన మూలకణ చికిత్స లేదు. ఎవరైన ఆశ చూపినచో, ఆ ప్రయోగము భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా, నైతిక సంఘపు అనుమతి కలదా యని సొమ్ము చెల్లింపకమునుపే అడుగవలెను.