బస్తర్ గణాంకాలు: లెక్కకు అందనివారిని లెక్కించడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జనాభా 2001 నుంచి 2011 వరకు దాదాపు 9 శాతమే పెరిగింది. అదే దశాబ్దంలో రాష్ట్ర జనాభా 22 శాతానికి పైగా పెరిగినట్లు జనగణన వెల్లడించింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూసినవారు బీజాపూర్‌లో జననాలు తక్కువని గాని, మరణాలు ఎక్కువని గాని భావించవచ్చు. అయితే 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత చెలరేగిన హింసతో దక్షిణ బస్తర్‌లో అనేక గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు రహదారుల పక్కన వెలసిన శిబిరాలకు, మరికొందరు నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలిపోయారు. పెరుగుదల మందగించడంలో జననమరణాల వాటా ఎంత, వలసల వాటా ఎంత అన్నది ఆ ఒక్క శాతం చెప్పదు.

ఒక అంకెను నమ్మే ముందు అది ఎవరిని లెక్కించింది, ఎవరిని వదిలివేసింది అని అడగాలి. సామాజిక శాస్త్రాల పరిమాణాత్మక పరిశోధనకు ఇదే తొలి నియమం. ఏడు జిల్లాల బస్తర్ డివిజన్‌లో ఈ నియమం అవసరం అడుగడుగునా కనిపిస్తుంది.

మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ బస్తర్ మారియాలలో హత్యలు, ఆత్మహత్యలపై రచించిన గ్రంథం 1943లో వెలువడింది. నూరు హత్య కేసులను పరిశీలించి, వాటి కారణాలను ఆయన వర్గీకరించారు. సంస్థానపు రికార్డులను అంత శ్రద్ధగా వినియోగించిన అధ్యయనాలు ఆ కాలంలో అరుదు. అయినా ఇటువంటి పట్టికలను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. రికార్డులకెక్కినవి అధికారుల దృష్టికి వచ్చిన ఘటనలు మాత్రమే. అలాగే హత్యలలో ఇన్ని మద్యం మత్తులో జరిగాయని తెలిసినంత మాత్రాన మద్యమే హత్యలకు మూలమని తేలదు. మద్యం సేవించి కూడా ఎవరికీ హాని తలపెట్టనివారు ఎందరో తెలియాలి. లవం ఎంత కచ్చితంగా ఉన్నా, హారం తెలియనిదే ప్రమాదం ఎంతో చెప్పలేము.

ప్రతి ఇంటికీ వెళ్లడం సాధ్యం కానప్పుడు నమూనా సర్వే జరుపుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16, 2019-21 విడతలలో గ్రామాలను 2011 జనగణన జాబితా నుంచి ఎంపిక చేసింది. ఎంపికైన చోట ఇళ్ల జాబితాను తాజాగా రాసి, అందులో నుంచి 22 కుటుంబాలను తీసుకుంది. పద్ధతి పటిష్ఠమైనదే. కాని గ్రామాల జాబితా పాతబడినకొద్దీ, ఆ తరువాత వెలసిన ఆవాసాలకు ఎంపికయ్యే అవకాశం తగ్గిపోతుంది.

వెళ్లలేని గ్రామానికి బదులు రహదారి పక్క గ్రామాన్ని చేర్చడం మరింత పెద్ద పొరపాటు. ఉదాహరణకు సమాన జనాభా గల నూరు గ్రామాలను ఊహించుకుందాం. ఎనభై రహదారి పక్కన, ఇరవై అడవి లోపల ఉన్నాయి. మొదటివాటిలో 80 శాతం పిల్లలకు, రెండోవాటిలో 30 శాతం పిల్లలకు టీకాలు అందాయి. అసలు సగటు 70 శాతం. రహదారి గ్రామాలనే చూసిన సర్వే 80 శాతమని చెబుతుంది. నమూనాను 400 నుంచి 1,600 కుటుంబాలకు పెంచితే యాదృచ్ఛిక దోషం సుమారు సగానికి తగ్గుతుంది గాని, ఈ పది శాతం తేడా తగ్గదు. లోపలి గ్రామాల పిల్లలు మాత్రం టీకాలు అందినవారి లెక్కలో కలిసిపోతారు. అందుకే చేరలేకపోయిన గ్రామాల సంఖ్యను, వాటి స్వభావాన్ని నివేదికలోనే ప్రకటించడం మంచి ఆచారం.

తరువాతి సమస్య ప్రశ్నది. బస్తర్‌లో గోండి, హల్బీ, ధుర్వా, దోర్లీ మాటలు వినిపిస్తాయి. హిందీలో రాసిన ప్రశ్నను సర్వేయర్ అక్కడికక్కడే అనువదిస్తే, ఊరికొక ప్రశ్న తయారవుతుంది. ముందుగా స్థానిక భాషలోకి మార్చి, వేరొకరిచేత తిరిగి హిందీలోకి చేయించి సరిపోల్చాలి. కొద్దిమందిపై ప్రయోగించి చూడాలి. గత నెల ఆదాయం ఎంత అన్న చిన్న ప్రశ్న కూడా ఇక్కడ చిక్కు తెస్తుంది. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో, తునికాకు కోసే వేసవిలో వచ్చే జవాబు వానాకాలంలో రాదు. ఏడాది పొడవునా వేర్వేరు రుతువులలో అడిగితేనే ఆ కుటుంబపు స్థితి అర్థమవుతుంది.

వర్గీకరణ విషయం తెలుగు రాష్ట్రాలకు నేరుగా సంబంధించినది. సరిహద్దు దాటి వచ్చినవారిని ఇక్కడ గుత్తికోయలని పిలుస్తున్నారు. వారిలో మురియాలు, దోర్లాలు కూడా ఉన్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని గిరిజన తెగల జాబితా, తెలుగు రాష్ట్రాల జాబితాలు ఒకటి కావు. కనుక ఫారంలో రాసే తెగ పేరును బట్టి ఆ కుటుంబం ఏ కోవలో చేరుతుందో మారిపోతుంది. వారు చెప్పిన పేరును చెప్పినట్లే నమోదు చేసి, అధికారిక వర్గాన్ని వేరే గడిలో రాయడం పరిశోధకుని బాధ్యత.

జవాబిచ్చేవారి భద్రత మరో ముఖ్యాంశం. సంఘర్షణ ప్రాంతంలో ప్రశ్న అడిగేవారు ఎవరి వెంట వచ్చారన్న దానిని బట్టి జవాబు మారుతుంది. ఇరవై ఇళ్ల పల్లెలో పేర్లు తొలగించినా వయసు, వృత్తి, పిల్లల సంఖ్య కలిపితే మనిషిని గుర్తుపట్టవచ్చు. అటువంటి వివరాలను పెద్ద ప్రాంతాలవారీగా కలిపి ప్రచురించాలి.

ఈ జాగ్రత్తలన్నీ పండితుల చర్చకే పరిమితం కావు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఎందరికి రేషన్ ఇవ్వాలన్నది నేటికీ 2011 జనాభా ఆధారంగానే లెక్కిస్తున్నారు. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని, మంచు ప్రాంతాలు మినహా, ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. అబూజ్‌మాడ్ అడవుల్లోని పల్లెలు, గోదావరి లోయలోని వలస ఆవాసాలు అందులో ఎంత పూర్తిగా చేరితే, రానున్న సంవత్సరాలలో బియ్యం, బడి, దవాఖానా కేటాయింపులు అంత సక్రమంగా ఉంటాయి.