బుడ్డల వేరులో సహకార సంఘం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో వేరుసెనగ అనేకంటే బుడ్డలు అంటేనే చప్పున తెలుస్తుంది. ఎర్రనేలలో బుడ్డలు, నల్లరేగడిలో పత్తి. ఆదోని మార్కెట్టు పేరు పొందింది యీ రెంటితోనే. బుడ్డల చెట్టు పీకినప్పుడు వేళ్ళమీద ఆవగింజలంతేసి బుడిపెలు కనిపిస్తాయి. చూసినవాళ్ళలో కొందరు అదేదో తెగులనుకుంటారు.

తెగులు కానే కాదు. ఆ బుడిపెల్లో రైజోబియం జాతి బాక్టీరియా కాపురం వుంటుంది. ఇటువంటి బాక్టీరియాను 1888లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ వేరుచేసి చూపించాడు.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అయితేనేం? అందులోని పరమాణువులు జంటలుగా గట్టిగా పెనవేసుకుని వుంటాయి. వాటిని విడదీయటం మొక్క వల్ల కాదు. ఫ్యాక్టరీలో విడదీయాలంటే 400 డిగ్రీల పైబడిన వేడి, గాలికి వందరెట్లు మించిన వొత్తిడి కావాలి. ఆ పనినే యీ సూక్ష్మజీవి చల్లని మట్టిలో, ఇనుము, మాలిబ్డినం వున్న నైట్రోజనేజ్ అనే ఎంజైముతో చేస్తుంది!

ఒక చిక్కున్నది. ప్రాణవాయువు తగిలితే ఆ ఎంజైము చెడిపోతుంది. అది లేకపోతే బాక్టీరియా బతకదు. అందుకే బుడిపెలో లెగ్ హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం వుండి, ప్రాణవాయువును కొలిచి అందిస్తుంది. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు అది దాయాదే!

ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం స్థాపించారు. నాకీ బుడిపెను చూస్తే ఆ సంఘమే గుర్తొస్తుంది. మొక్క చక్కెర యిస్తుంది, బాక్టీరియా అమోనియా యిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవటమే గాని దోపిడీ లేదు.

మరి మనమేం చేస్తున్నాం? పైరు కాస్త పాలిపోతే చాలు, అప్పు చేసి అయినా యూరియా చల్లుతాం. నత్రజని తేరగా దొరికినప్పుడు మొక్క చక్కెర పోసి ఎందుకు కొంటుంది? బుడిపెలు కట్టటం తగ్గిస్తుంది. సంఘం మూతపడుతుంది, అప్పు మిగులుతుంది.

ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం పొట్లం చాలు. చల్లార్చిన బెల్లం నీళ్ళలో కలిపి, గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తుకోవాలి. వాన మొహం చాటేస్తే యీ జీవులు మాత్రం ఏం చేయగలవు? పదునున్న యేడు మటుకు వాటి కష్టం వూరికే పోదు.

యూరియా బస్తాకు పరుగెత్తేముందు ఒక మొక్క పెకలించి, బుడిపెను గోటితో గిల్లి చూడండి. లోపల ఎర్రగా వుంటే సంఘం పనిచేస్తున్నట్టే. తెల్లగానో పచ్చగానో వుంటే అక్కడ పని సాగటం లేదన్నమాట.