పంటిపోటు రాకముందు

పగలంతయు అణగియున్న పంటిపోటు రాత్రి పడుకొనగానే విజృంభించుట పలువురకు అనుభవమే. పడుకొన్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి కొంత హెచ్చును. పంటి నడుమనున్న మెత్తని గుజ్జు వాచియున్నచో, చుట్టునున్న గట్టి గోడలు దానికి చోటీయవు. నరము నొక్కుకొని పోటు భరింపరానిదగును. ఆ వేళ దంతవైద్యుడు దొరకుట కష్టము. అయితే ఆ రాత్రి వచ్చిన ఆపద ఆ రాత్రి పుట్టినది కాదు. మాసముల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, చప్పుడు లేకుండ పెరిగినది. పంటి విషయములో నొప్పి చాల ఆలస్యముగా అందు వార్త. ఈ ప్రసంగములో మేము శ్రోతలకు మనవి చేయదలచినది ముఖ్యముగా ఇదియే.

పంటి పైపొరయైన ఎనామెల్ మన శరీరములోనెల్ల కఠినమైన పదార్థము. దానిలో నరములు లేవు. కనుక అది కరగుచున్నను మనకు తెలియదు. తిన్న చక్కెరను నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చును. ఆ ఆమ్లము పైపొరలోని లవణములను కరగించును. తరువాత కొంతసేపటికి లాలాజలము ఆ ఆమ్లమును విరిచి, పోయిన లవణములను కొంతవరకు తిరిగి చేర్చును. కాబట్టి ఎంత తీపి తింటిమన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిమార్లు తింటిమన్నదియు అంత ముఖ్యము.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములోని కర్దనూర్ వంటి గ్రామములవారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపదగును. పరిసరపు కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేయువారికి నిద్రను ఆపునది చాయ. గంటకొక కప్పు తీపి చాయ త్రాగినచో లాలాజలమునకు మరమ్మతు చేయు వ్యవధి చిక్కదు. చాయ మానుమనుట మా ఉద్దేశము కాదు. తీపి చాయను రెండు మార్లకు తగ్గించి, మిగిలిన వేళల చక్కెర లేకుండ త్రాగి, పిమ్మట మంచినీటితో పుక్కిలించుట మేలు. ఉదయము ఇల్లు చేరి పడుకొనువారు పడుకొనుటకు ముందే పండ్లు తోముకొనవలెను. ఏలయన నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును. గుట్కా, తంబాకు నమలువారికి చిగుళ్ల వ్యాధియే గాక నోటి క్యాన్సరు భయము కూడ కలదు.

మెత్తని బ్రష్షుతో రోజునకు రెండుమార్లు, రెండేసి నిమిషములు, ముఖ్యముగా చిగురు పంటిని కలియు చోట తోమవలెను. వేపపుల్లను నమిలి కుంచెగా చేసి వాడినచో పైపాచి పోవును గాని, దవడపండ్ల వెనుకభాగమునకు అది అందుట కష్టము. బొగ్గుపొడి, ఇటుకపొడి పైపొరనే అరగదీయును. అరిగిన పొర మరల పుట్టదు.

ఫ్లోరైడు పేరు వినగానే నల్లగొండ జిల్లాలోని వంగిన వెన్నెముకలు, గోధుమరంగు మచ్చల పండ్లు జ్ఞప్తికి వచ్చుట సహజము. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. అట్టి పదార్థమును పేస్టులో ఏల వాడవలెనని కొందరు అడుగుదురు. భేదమంతయు మోతాదులో నున్నది. భారత ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరు నీరు లేనిచోట 1.5 వరకు అనుమతి కలదు. మితి దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగుట వలన వ్యాధి కలుగును. పేస్టు ఉమ్మివేయునది; అందలి ఫ్లోరైడు పంటిపై పనిచేసి, కరగనారంభించిన పొరను గట్టిపరచును. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలును. బోరునీరు త్రాగువారు దానిని పరీక్ష చేయించుకొనుట మంచిది.

ఇంచుమించు ఆరవ ఏట, పాలపండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే ఒక పెద్ద దవడపన్ను మొలచును. అదియు పాలపన్నేయని తల్లిదండ్రులు ఉపేక్షింతురు. అది జీవితాంతము నిలువవలసిన పన్ను. అది మొలచిన నాటి నుండియే జాగ్రత్త అవసరము.

ఇన్ని చేసినను ఆపద రావచ్చును. ఆటలో దెబ్బ తగిలి పిల్లవానికి శాశ్వతమైన పన్ను ఊడిపడినచో, దాని వేరును తాకక పైభాగమును పట్టుకొని, మురికి అంటియున్నచో నీటితో కొలదిగా కడిగి, గుంటలో మరల నిలుపవలెను. చేతకానిచో పాలలో వేసి, గంటలోపల దంతవైద్యుని చేరవలెను. పాలపన్నును మాత్రము తిరిగి పెట్టరాదు. నొప్పికి ఆస్పిరిన్ మాత్రను నలిపి చిగురుపై నుంచినచో ఆ చోటు పుండగును. దవడ వాచి, జ్వరము వచ్చి, నోరు తెరచుటకు గాని మింగుటకు గాని కష్టమైనచో, తెల్లవారువరకు ఆగక పెద్ద ఆసుపత్రికి పోవలెను.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి కలవు. నొప్పి లేనప్పుడే ఏటికొకసారి పండ్లు చూపించుకొనుట మంచిది. చిన్న గుంటను పూడ్చుట ఒక్క పూట పని. అదే గుంట గుజ్జును చేరినపుడు పలుమార్లు తిరుగవలసి వచ్చును, లేదా పన్నునే వదలుకొనవలసి వచ్చును. చల్లని నీరు తగిలి పన్ను జివ్వుమన్నను, పంటిపై నల్లని చుక్క కనిపించినను, ఆ వారములోనే వైద్యునికి చూపించుకొనుడు.