నడిచే దారి మార్చాలంటే కాగితం పక్కాగా ఉండాలి

ప్రజలు నడిచే దారిని మూసినా, మళ్లించినా, వెడల్పు తగ్గించినా అందుకు రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి. దాన్ని ఎవరు ఇచ్చారు, ఏ చట్టం కింద ఇచ్చారు, ఎంత స్పష్టంగా రాశారు అన్నదాన్ని బట్టే అది నిలుస్తుంది. రైల్వేస్టేషన్, కోర్టులు, జనరల్ పోస్టాఫీసు, మొజంజాహీ మార్కెట్ అన్నీ దగ్గర దగ్గరగా ఉన్న హైదరాబాద్‌లోని అబిడ్స్, నాంపల్లిలో ఇలాంటి ఉత్తర్వులు మూడు రకాలుగా కనిపిస్తాయి.

మొదటి రకం తాత్కాలికం. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా నుమాయిష్ ప్రదర్శన జరిగే రోజుల్లోనూ, వినాయక నిమజ్జనం నాడూ పోలీసు కమిషనర్ వాహనాలను మళ్లిస్తారు. ఇందుకు హైదరాబాద్ నగర పోలీసు చట్టం (1348 ఫస్లీ) 21వ సెక్షన్ ఆధారం. గడువు తీరగానే ఆ ఉత్తర్వు ముగుస్తుంది. దానివల్ల దారి మీద జనానికున్న హక్కు మారదు.

రెండో రకం శాశ్వతం. 1955 నాటి జీహెచ్ఎంసీ చట్టంలోని 379వ సెక్షన్ వీధికి ఇరువైపులా హద్దు గీతను నిర్ణయించే అధికారం ఇస్తుంది. దారికి అడ్డుగా కట్టే కట్టడాలను 402వ సెక్షన్ నిషేధిస్తుంది. అలాంటి అడ్డంకులను నోటీసు లేకుండానే తొలగించే అధికారం 405వ సెక్షన్ జీహెచ్ఎంసీ కమిషనర్‌కు ఇస్తుంది.

మూడో రకం వీధి వ్యాపారులకు సంబంధించినది. అబిడ్స్ ఫుట్‌పాత్‌లపై ఆదివారం పాత పుస్తకాలు అమ్మేవారి వంటి చిరువ్యాపారులకు 2014 నాటి కేంద్ర వీధి వ్యాపారుల చట్టం రక్షణ ఇస్తుంది. వారిని వేరే చోటికి తరలించాలన్నా, ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ చట్టానికి విరుద్ధమైన పాత నిబంధనలు చెల్లవు. కాబట్టి వ్యాపారుల విషయంలో ఒక్క 405వ సెక్షన్‌నే పేర్కొంటూ రాసిన ఉత్తర్వు కోర్టులో నిలవడం కష్టం.

ఏ రకం ఉత్తర్వైనా దాని ముసాయిదాలో అసలు పని హద్దుల వివరణ దగ్గరే ఉంటుంది. ‘అబిడ్స్‌లోని ఫుట్‌పాత్’ అంటే చాలదు. ‘రోడ్డుకు ఎడమ పక్క’ అన్నా చాలదు, ఎందుకంటే ఎదురుగా వచ్చేవారికి అదే కుడి. తూర్పు, పడమర అని దిక్కు రాయాలి. దుకాణం పేరు రేపు మారవచ్చు కనుక ఇంటి నంబరు ఇవ్వాలి. పొడవు, వెడల్పు మీటర్లలో ఉండాలి, జతచేసిన నక్షాతో అవి సరిపోలాలి. కారణం, అమలు తేదీ, అభ్యంతరాలకు గడువు, వాటిని అందజేయాల్సిన చోటు కూడా రాయాలి. కాలిబాటలో నడవడానికి కనీసం 1.8 మీటర్ల అడ్డులేని వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మార్పు తర్వాత అంత మిగులుతుందో లేదో ముసాయిదాలోనే తేల్చాలి.

ఇంగ్లండ్‌లో 1980 హైవేస్ చట్టం దారి మూసివేతకు 118, మళ్లింపుకు 119 సెక్షన్లను కేటాయించింది. అభ్యంతరాలకు కనీసం 28 రోజులు ఇస్తారు. కొత్త దారి నడకకు సిద్ధమయ్యే వరకు పాతదాన్ని మూయకుండా ఉత్తర్వులోనే షరతు పెట్టవచ్చు. ఈ పద్ధతి మన నగరాలకూ ఎంతో అవసరం.

అడ్డులేని ఫుట్‌పాత్‌లపై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టం చేసింది. అందువల్ల దారి మార్పు ప్రకటన కనిపిస్తే పౌరులు అందులోని సెక్షన్, కొలతలు, గడువు చదవాలి. అభ్యంతరం ఉంటే గడువు లోపలే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోవాలి.