ఇంట్లోనే కారు ఇంజిన్ ఆయిల్ మార్చడం ఎలా? నేల మీద చుక్క పడకుండా ఇలా చేయండి

ఫస్ట్ టైమ్ నేనే ఆయిల్ మార్చినప్పుడు పార్కింగ్ టైల్స్ మీద పడ్డ మరక రెండు నెలలైనా వదల్లేదు. గుంటూరులో అద్దె ఇల్లు, పై అంతస్తులో ఓనర్ ఆంటీ... ఇంక చెప్పాలా! ఆ తర్వాత అర్థమైంది ఏంటంటే, ఆయిల్ ఒలికేది మూడు చోట్లే: బోల్ట్ ఊడేటప్పుడు, ఫిల్టర్ ఊడేటప్పుడు, పాత ఆయిల్‌ని డబ్బాలో పోసేటప్పుడు.

ముందు ఇవి రెడీ చేసుకోండి

ఆయిల్ గ్రేడ్ (5డబ్ల్యూ-30 లాంటిది), ఎన్ని లీటర్లు అనేది ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది. చిన్న పెట్రోల్ కార్లకి సుమారు 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. కాబట్టి కనీసం 6 లీటర్లు పట్టే వెడల్పాటి ట్రే తీసుకోండి. కొత్త ఫిల్టర్, బోల్ట్‌కి కొత్త వాషర్ తప్పనిసరి. నేల మీద మిరపకాయలు ఆరబోసే పాత పట్టా, దాని మీద అట్టపెట్టెలు పరిచేయండి.

ఒక్క మాట: జాకీ మీద మాత్రమే నిలబడ్డ కారు కిందకి అస్సలు దూరొద్దు. గట్టి, చదునైన నేల మీద జాక్ స్టాండ్లు పెట్టాలి, వెనక చక్రాలకి అడ్డు రాళ్లు వేయాలి.

అసలు పని

ఇంజిన్‌ని ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేయండి. గోరువెచ్చటి ఆయిల్ పూర్తిగా దిగుతుంది. లాంగ్ డ్రైవ్ నుంచి రాగానే మాత్రం వద్దు, చెయ్యి కాలుతుంది.

బోల్ట్‌ని చివరి చుట్లలో పైకి నొక్కి పట్టుకుని తిప్పి, ఒక్కసారిగా పక్కకి లాగేయండి. ఆయిల్ మొదట దూరంగా చిమ్ముతుంది, తర్వాత ధార దగ్గరికి వస్తుంది. ట్రేని దానితో పాటు జరపాలి. పైన ఫిల్లర్ మూత మొదట్లో బిగించే ఉంచితే ధార నెమ్మదిగా వస్తుంది. ఫ్యాన్ గాలి ఉంటే ఆపేయండి, సన్నటి ధారని అది పక్కకి కొడుతుంది.

ఫిల్టర్‌కి పాలిథిన్ కవర్ తొడిగి, కవర్‌తో సహా విప్పండి. పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుందేమో చూడండి. నా మరకకి కారణం అదే! రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడి, స్టార్ట్ చేయగానే కారిపోయింది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్‌ని చేత్తోనే బిగించండి.

కొత్త వాషర్‌తో బోల్ట్ బిగించి, ఆయిల్ పోసి, ఒక నిమిషం ఇంజిన్ నడపండి. ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. కింద కూడా టార్చ్ వేసి చూడండి.

పాత ఆయిల్ సంగతి

కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే గరాటుతో పోసేయండి. వాడేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. కాలవలో పోయొద్దు, చెదలకని తలుపులకి పూయొద్దు. ఆటోనగర్‌లో పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షెడ్‌లో ఇచ్చేయండి.

చుక్క పడిందా? రంపపు పొట్టు చల్లి, అది పీల్చుకున్నాక ఊడ్చేయండి. నీళ్లు కొడితే మరక ఇంకా పాకుతుంది. ఆ తప్పు కూడా నేను చేశాను!